ఒక అడుగు దూరం

బాక్సింగ్ చూసేవాళ్ల కళ్లు సాధారణంగా గ్లవ్స్ మీదే ఉంటాయి. నిఖత్ జరీన్ బౌట్ చూసేటప్పుడు మాత్రం ఆమె కాళ్లు చూడాలి. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 52 కిలోల ఫైనల్ జరిగింది. ప్రత్యర్థి థాయ్‌లాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుటామస్. తొమ్మిది నిమిషాల పోరు అయ్యాక ఐదుగురు జడ్జీలూ నిఖత్‌నే విజేతగా తేల్చారు. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ ఆర్.ఎల్., లేఖా కె.సి.ల తర్వాత ప్రపంచ టైటిల్ గెలిచిన ఐదో భారతీయ మహిళ ఆమె. ఆ రాత్రి తెలుగు ఛానళ్లన్నీ చూపించింది చివరి రౌండ్‌లో ఆమె కొట్టిన దెబ్బలు, ఆపైన జెండా కప్పుకున్న ఆనందం. ఆ దెబ్బలకు దారి తీసిన అడుగులను ఎవరూ చూపించలేదు.

ఆ అడుగుల లెక్క చెప్పుకోవాలి. జాబ్ అంటే ముందున్న చేత్తో నిటారుగా విసిరే పంచ్. దానితో ఎవరినీ పడగొట్టడం అరుదు. అది దూరాన్ని కొలుస్తుంది, ఎదుటివాళ్ల చూపును ఆపుతుంది. నిఖత్ చేతుల అందుబాటు ఎక్కువ. ఆమె ఒక జాబ్ వేసి అర అడుగు వెనక్కి జారుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ముందు కదలాల్సింది వెనక కాలు, ముందుకు వెళ్లేటప్పుడు ముందు కాలు. రెండు పాదాలూ ఎప్పుడూ దగ్గరకు చేరకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు. చేరాయంటే నిలకడ పోయినట్టే, ఆ క్షణంలో తగిలిన చిన్న దెబ్బకు కూడా మనిషి తూలిపోతుంది. నిఖత్ వెనక్కి జారగానే ప్రత్యర్థి ఆ ఖాళీని పూడ్చడానికి ఒంగి ముందుకు వస్తుంది. ఆ ప్రత్యర్థి పంచ్ గాలిలో ఆగిపోతుంది, చెయ్యి చాచి ఉంటుంది, గడ్డం బయటపడి ఉంటుంది. నిఖత్ మడమ తిప్పి, నడుము తిప్పి వెనక చేత్తో నేరుగా కొట్టేది అప్పుడే. బలమంతా నేలనుంచి వస్తుంది, భుజం దాన్ని చేరవేస్తుంది, అంతే. ఇదంతా అర సెకనులో అయిపోతుంది కాబట్టి చూసేవాళ్లకు దెబ్బ ఒక్కటే గుర్తుంటుంది.

వెనకడుగు వేయడం పిరికితనమనే భావన మనలో బాగా పాతుకుపోయింది. ఇక్కడ అండమాన్‌లోని ఆస్టినాబాద్‌లోనూ, పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ మల్లయోధుడు అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, సర్కస్ కంపెనీ నడిపి, ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని పేరు పొందిన మనిషి. ఆయన మీద నాకు అపార గౌరవం ఉంది. అయితే ఆ బొమ్మ మన మనసులో ఎంత గట్టిగా ముద్రపడిందంటే, పోరాటం అంటే కదలకుండా నిలబడి తట్టుకోవడమే అనుకుంటాం. ఇక ఈ తరం కుర్రాళ్లు ఫోన్లలో చూసే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ కూడా ఆ నమ్మకాన్నే ఇంకాస్త బలపరుస్తోంది. వాళ్ల ఆరాధ్యుల్లో ఒకడు దక్షిణ కొరియా ఫైటర్ జంగ్ చాన్-సంగ్. దెబ్బలు తింటూనే ముందుకు వస్తూ ఉండేవాడు కాబట్టి ‘కొరియన్ జాంబీ’ అనే పేరు వచ్చింది.

జంగ్ గురించి ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే అతన్ని ఒట్టి మొండివాడిగా లెక్కగట్టడం అన్యాయం. 2011 మార్చిలో సియాటిల్‌లో లియోనార్డ్ గార్సియాను ‘ట్విస్టర్’ అనే పట్టుతో లొంగదీశాడు. ప్రత్యర్థి కాలు ఒకదాన్ని తన రెండు కాళ్లతో బిగించి, వెనకనుంచి అతని చేతిని తన మెడ వెనక్కి నెట్టి, తలను పట్టుకుని కాళ్లకు వ్యతిరేక దిశలో తిప్పుతారు. వెన్ను మెలి తిరుగుతుంది, మనిషి చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకోక తప్పదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే యూఎఫ్‌సీలో ఆ పట్టుతో గెలిచిన మొదటి ఫైటర్ అతనే, అది కూడా వీడియోలు చూసి నేర్చుకున్న పట్టు. అదే ఏడాది డిసెంబరులో టొరంటోలో మార్క్ హోమినిక్‌ను ఏడు సెకన్లలో పడగొట్టాడు. 2013 ఆగస్టులో రియోలో జోసె ఆల్డోతో టైటిల్ పోరు జరుగుతుండగా నాలుగో రౌండ్‌లో అతని భుజం కీలు తప్పింది. పోరు మధ్యలోనే నిలబడి దాన్ని తన చేత్తోనే సరిచేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆల్డో ఆ భుజం మీదే తన్నాడు, కాసేపటికే పోరు ముగిసింది.

కానీ అతని కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 2018 నవంబరు, డెన్వర్. ఐదు రౌండ్ల పోరులో చివరి రౌండ్, చివరి క్షణాలు. స్కోరు కార్డుల్లో జంగ్ ముందున్నాడు. ఒక్క అడుగు వెనక్కి వేసి నిలబడితే చాలు, గెలుపు అతనిదే. అతను ముందుకు దూకాడు. మెక్సికోకు చెందిన యాయిర్ రోడ్రిగెజ్ ఒంగి, కిందనుంచి పైకి మోచెయ్యి విసిరాడు. గంట మోగడానికి ఒక సెకను ముందు జంగ్ నేలమీద ముఖం మోపి పడిపోయాడు. అతన్ని ప్రేక్షకులకు ప్రియమైనవాడిగా చేసిన గుణమే ఆ రాత్రి అతన్ని ఓడించింది. 2023 ఆగస్టులో సింగపూర్‌లో మ్యాక్స్ హాలోవేతో ఓడి రిటైరయ్యే వరకూ ఆ గుణం అతన్ని వదలలేదు. ఆ గుణం నాకూ ఇష్టమే. కానీ ఆడపిల్లకు బాక్సింగ్ నేర్పాలనుకునే తల్లిదండ్రులకు నేను చూపించేది నిఖత్‌నే.

ఆమె దారి కూడా తేలికగా ఏమీ సాగలేదు. 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. పరుగుతో మొదలుపెట్టి, తండ్రి ప్రోత్సాహంతో కోచ్ శంసాముద్దీన్ దగ్గర గ్లవ్స్ తొడిగింది. 2009లో విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలో చేరింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది, చాలాకాలం రింగ్‌కు దూరం కావాల్సి వచ్చింది. టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు పంపేవారిని ఎంపిక చేసే ట్రయల్‌లో 2019 డిసెంబరులో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. ఆ తర్వాతే అసలు వికాసం. 2022 స్ట్రాంజా బాక్సింగ్ టోర్నీలో టోక్యో రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లూను ఓడించింది. అదే ఏడాది కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం బాక్సర్ గుయెన్ థి టామ్ మీద రెండో ప్రపంచ టైటిల్.

ఈ కళ ఎక్కడ చాలదో పారిస్ ఒలింపిక్స్ చూపించింది. 2024లో ఆమెకు సీడింగ్ లేదు. జర్మనీ బాక్సర్ మాక్సీ క్లోట్‌జర్‌ను 5-0తో ఓడించాక, రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. నిఖత్ 0-5తో ఓడిపోయింది. ఆ విభాగంలో స్వర్ణం గెలిచింది చివరికి వూ యూనే. దూరాన్ని నువ్వు పట్టుకున్నప్పుడు అది ఆయుధం. అంతకంటే చురుగ్గా కదిలే మనిషి ఆ దూరాన్ని నీ దగ్గరనుంచి లాక్కుంటే చేతుల పొడవు ఎందుకూ అక్కరకు రాదు. దీనికితోడు 52 కిలోల విభాగం ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి ఆమె 50కి దిగాల్సి వచ్చింది. ఆ రెండు కిలోలు కరిగించడమంటే తిండి, నీళ్లు కట్టడి చేసుకోవడం. కాళ్ల మీద ఆధారపడే బాక్సర్‌కు మొదట తెలిసేది కాళ్లలో నీరసమే. జంగ్ లాంటివాడు అలసిపోయినా గుండెతో నెట్టుకురావచ్చు. నిఖత్ తరహా పోరుకు ఆ వెసులుబాటు లేదు, మూడో రౌండ్‌లోనూ వెనక పాదం మొదటి రౌండ్‌లో జారినంత తేలికగా జారాలి.

అందుకే పిల్లలకు నేర్పే చోట తొలి రోజుల్లో పంచింగ్ బ్యాగ్ దగ్గరకు వెళ్లనివ్వకుండా నేలమీద గీత గీసి ముందుకూ వెనక్కీ జరిగే పాఠం చెప్పే కోచ్ దొరికితే తల్లిదండ్రులు అతన్ని వదులుకోకూడదు. ఆ పాఠం విసుగ్గా ఉంటుంది, చప్పట్లు ఉండవు, ఫోన్‌లో పెట్టుకోవడానికి వీడియో కూడా మిగలదు. అయినా తలకు దెబ్బ తగలకుండా ఆడడానికి పునాది అదే. నిఖత్ ఇప్పుడు 51 కిలోల విభాగంలో ఆడుతోంది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపే బాక్సర్ గువో యి షువాన్‌ను 5-0తో ఓడించి మళ్లీ స్వర్ణం అందుకుంది. ఆమె తర్వాతి బౌట్ టీవీలో వచ్చినప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి రౌండ్ మొత్తం నడుము కిందికే చూడమని చెప్పండి.