మూల సెమిటిక్ 'కల్బ్': పునర్నిర్మాణం ఎంతవరకు నమ్మదగింది?

పాఠ్యగ్రంథాల్లో మూల సెమిటిక్ నామవిభక్తుల పట్టిక చూస్తే గళ్లన్నీ నిండి ఉంటాయి. 'కుక్క' అనే పదానికి ఏకవచనంలో ప్రథమ *కల్బుమ్, షష్ఠి *కల్బిమ్, ద్వితీయ *కల్బమ్. ముందున్న నక్షత్రపు గుర్తును మీరు గమనించే ఉంటారు. ఈ రూపం ఏ శాసనంలోనూ దొరకలేదనీ, సోదర భాషలను పోల్చి నిర్మించుకున్నదనీ దాని అర్థం. అయితే గట్టి ఊహకూ బలహీనమైన ఊహకూ ఒకే గుర్తు పెట్టడం ఈ పట్టికల్లోని లోపం. ఏది ఎంత గట్టిదో మనమే తేల్చుకోవాలి.

మొదట ప్రాతిపదికను చూడండి. అక్కాడియన్‌లో కల్బుమ్, అరబిక్‌లో కల్బున్, ఇథియోపియా ప్రాచీన భాష గీజ్‌లో కల్బ్. హీబ్రూలో మాత్రం కెలెవ్. ఇది వేరుగా కనిపించినా, 'నా కుక్క' అన్నప్పుడు అదే భాషలో కల్బీ అవుతుంది. పాత రూపం ప్రత్యయం చాటున నిలిచింది. కాబట్టి *కల్బ్ గట్టిది.

విభక్తి అచ్చులు ఉ, ఇ, అ కూడా గట్టివే. అక్కాడియన్ తూర్పు శాఖకు, అరబిక్ పశ్చిమ శాఖకు చెందినవి. రెండింటి తొలి సాక్ష్యాల మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం ఉన్నా ఈ అచ్చులు కలుస్తున్నాయి. సిరియాలో 1929లో తవ్వకాలు మొదలైన ఉగారిత్ మట్టిపలకలూ ఇదే చెబుతాయి. ఆ లిపిలో కంఠమూలీయ స్పర్శానికి అ, ఇ, ఉ అచ్చులను బట్టి మూడు అక్షరాలున్నాయి. ఆ హల్లుతో ముగిసే నామాల్లో విభక్తి అచ్చు బయటపడుతుంది. గీజ్ ద్వితీయలో 'కల్బ' అని 'అ'ను నిలుపుకుంది.

చిక్కంతా చివరి 'మ్'తోనే. అరబిక్‌లో అది 'న్'. అక్కాడియన్‌తో పాటు దక్షిణ అరేబియా శాసనభాష సబాయిక్ కూడా 'మ్'నే చూపుతుంది కనుక రూపం వరకు 'మ్' అనడం సబబే. మరి దాని పని? అరబిక్‌లో 'న్' సాధారణంగా 'ఒకానొక కుక్క' అనే అనిర్దిష్ట భావాన్ని తెలుపుతుంది. అక్కాడియన్ 'మ్'కు ఆ పని లేదు. అరబిక్ అర్థాన్ని మూలభాషకు అంటగట్టడం తొందరపాటు.

బహువచనం ఇంకా క్లిష్టం. అక్కాడియన్‌లో కల్బూ, అరబిక్‌లో లోపలి అచ్చులే మారి కిలాబ్. ఒకే రూపంతో ఆ గడి నింపితే ఒక భాషకు పెద్దపీట వేసినట్టే.

చాలాకాలం నేనూ ఈ పట్టికను కంఠస్థం చేయించినవాడినే. మీరు ఆ పని చేయకండి. ప్రతి గడి పక్కనా సాక్ష్యమిచ్చే భాషల పేర్లు రాసుకోండి. పేర్లు తక్కువైన చోట మీ నమ్మకమూ తగ్గాలి.