మార్టినీక్ నుంచి వచ్చినావిడ

'జేన్ ఐర్' నవల్లో మేడమీద గదిలో తాళం వేసి దాచిన పిచ్చి భార్య గుర్తుందా? జేన్ పెళ్లి చెడగొట్టేది ఆవిడే. మన సానుభూతంతా జేన్‌కే పోతుంది కనక ఆ మనిషిది ఏ ఊరు, కన్నవాళ్లెవరు అన్న ఊసే రాదు.

ఆ ఊసెత్తినావిడ జీన్ రీస్. 1966లో వచ్చిన ఆవిడ నవల 'వైడ్ సర్గాసో సీ' ఆ పిచ్చి భార్య పుట్టింటి కథ. రీస్ 1890లో కరిబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో, తెల్లవాళ్లింట పుట్టింది. ఆ దీవికి పైన గ్వాడెలూప్, కింద మార్టినీక్. రెండూ ఫ్రెంచివాళ్లవి. మధ్యలో ఇది 1978 దాకా ఇంగ్లీషువాళ్లది. దొరలది ఇంగ్లీషైతే, సంతలో జనానిది ఫ్రెంచిలోంచి పుట్టిన పాత్వా.

కథ మాత్రం జమైకాలో, 1833 నాటి బానిసత్వ రద్దు చట్టం తర్వాత మొదలవుతుంది. ఆంట్వానెట్ తల్లిది మార్టినీక్. అందగత్తె కూడానేమో, జమైకా దొరసానులు ఆవిణ్ణి దగ్గరికి రానివ్వరు. ఇంట్లో పనిచేసే క్రిస్టఫీన్‌దీ మార్టినీకే. మన కథల్లో అరణపు దాసి పుట్టింటినుంచి వస్తుంది. ఈవిణ్ణి పెళ్లికొడుకే కానుకగా ఇచ్చాడట! తలగుడ్డ తన దీవి పద్ధతిలోనే కట్టుకుంటుంది. ఇంగ్లీషూ ఫ్రెంచీ చక్కగా వచ్చినా, చుట్టుపక్కలవాళ్ల యాసలోనే జాగ్రత్తగా మాట్లాడుతుంది. పరాయి ఊళ్లో కాపురం చేసిన ఏ ఆడదానికైనా ఆ జాగ్రత్త తెలుసు. అయినా అక్కడి నల్ల ఆడవాళ్లకి ఆవిడంటే భయమే. మనకి దూరంనుంచి 'వెస్టిండీస్' అంతా ఒకటే. పక్క దీవి మనిషి ఎంత పరాయిదో రీస్ ఒక్క తలగుడ్డతో చెప్పేసింది.

ఇంగ్లండునుంచి వచ్చిన భర్తకి ఇవేవీ పట్టవు. ముప్పై వేల పౌన్ల కట్నం పుచ్చుకుని, ఆంట్వానెట్‌ని 'బెర్తా' అనడం మొదలెడతాడు. అత్తగారి పేరే అయిందని కోడలి పేరు మార్చేసిన ఇళ్లు మనకీ తెలుసు కదా! పేరుతోపాటు మనిషి కూడా ఎలా జారిపోతుందో ఈ పేజీల్లో చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

రెండో భాగం చాలామటుకు భర్త గొంతులోనే సాగడం కొందరికి నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది. ఆ పచ్చదనం, ఆ పూలవాసన అతనికి ఊపిరాడనివ్వవు. అతని పిరికితనం అతని నోటే బయటపడుతుంది.

నా పేచీ వేరు. అతన్ని నిలదీయగలిగింది క్రిస్టఫీన్ ఒక్కతే. ఆ పిల్లని నాకొదిలెయ్, నేను చూసుకుంటానంటుంది. ఆ పోట్లాటే నవలకి ప్రాణం. పోలీసుల పేరు చెప్పి అతను బెదిరిస్తే, ఆవిడ వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోతుంది. అలా నవల్లోంచే వెళ్లిపోతుంది! తన వర్గం పిల్ల గోడు అంత ఓపిగ్గా విన్న రచయిత్రి ఈవిడకి ఇంకొక్క ప్రకరణం ఇచ్చి ఉండాల్సింది. ఇంతకీ ఎక్కడికి పోయింది, మార్టినీక్‌కేనా?