ఎండలో ఒత్తు కనబడాలి

లక్ష రూపాయలు దాటిన ఫోను తెర బాగుందో లేదో చెప్పడానికి మనం వాడే కొలతలన్నీ దాదాపుగా బొమ్మల కోసం పుట్టినవే. తెర వెలుగును కొలిచే నిట్లు, రిఫ్రెష్ రేటు, హెచ్‌డీఆర్, రంగుల శాతం. కొట్లో ఆడే డెమో వీడియోలో రామచిలుక ఈకలు విడివిడిగా మెరుస్తాయి, జలపాతం తుంపర్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. ఏసీ గదిలో, కనుచూపుకు హాయిగా అమర్చిన దీపాల కింద ఏ తెరైనా అందంగానే కనిపిస్తుంది. ఫోను కొన్న మనిషి మాత్రం రోజులో ఎక్కువసార్లు ఆ తెర మీద చేసే పని అక్షరాలు చదవడం. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీ, బస్సు వేళ, బంధువుల కబురు, పత్రిక వార్త, మందు చీటీ ఫొటో. వాటిని చదివేది కూడా మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కనో, రాత్రి లైటు తీసేసిన గదిలోనో. అందుకని ఖరీదైన ఫోనును తూచవలసింది మన లిపిలోని అతి చిన్న గుర్తుతో, మన వీధిలో ఉండే వెలుతురులో అని నా అభిప్రాయం. తెలుగులో ఆ గుర్తు ఒత్తు.

ఈ మాట చెప్పడానికి నేను రాజపాళయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పడమటి కనుమల పాదాన, మధురై నుంచి తెన్కాశి వెళ్లే దారిలో ఉన్న ఈ పత్తి మిల్లుల ఊరిలో రాజు కులస్థుల ఇళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్నారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. కాబట్టి ఇక్కడ ఒకే ఫోను రెండు లిపులు మోయాలి. రెండూ తెర మీద చేసే పని వేరు. తమిళంలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చుంటాయి. క్ష, శ్రీ లాంటివి తప్ప కలిసిపోయే అక్షరాలు దాదాపు లేవు. తెలుగు అక్షరం అలా కాదు, అది నిలువునా పెరుగుతుంది. పైన గుడి, నడుమ హల్లు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. తమిళానికి చాలిన వరస ఎత్తు తెలుగుకు చాలదు. ఒకే యాప్‌ను ఒకే సైజులో ముందు తమిళంలోకి, తర్వాత తెలుగులోకి మార్చి చూస్తే, కింది ఒత్తు తెగిపోయిందో, పై వరస గుడి దాన్ని తాకుతోందో అప్పటికప్పుడే తెలుస్తుంది.

ఈ ఊరికి నాణ్యం చూడడం కొత్త విద్య కాదు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించినప్పటి నుంచి ఇక్కడ నూలే జీవనాధారం. నూలు నంబరు అంటే ఒక పౌనుకు 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది. కానీ నంబరు ఒక్కటే చూసి నూలు కొనేవాళ్లు ఎవరూ లేరు. దారానికి బలం ఉందా, పొడవునా ఒకే మందంగా ఉందా, నూగు లేచిందా అని చూస్తారు. మగ్గం మీద ఎలా నడుస్తుందన్నదే చివరి తీర్పు. ఫోను తెరకు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, ఎన్ని నిట్లు అన్నవి నూలు నంబరులాంటివే. అవసరమే, కానీ చాలవు.

పిక్సెళ్ల సంగతి ముందు చూద్దాం. ఇవాళ్టి ఐఫోన్లలో అంగుళానికి 460 పిక్సెళ్లు ఉంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో పద్దెనిమిదో వంతు. ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న కన్ను విడదీసి చూడగలిగే చుక్క అంతకంటే పెద్దది, దాదాపు మిల్లీమీటరులో పదకొండో వంతు. కన్ను హద్దును పిక్సెల్ ఎప్పుడో దాటేసింది. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రాలో అంగుళానికి 505 పిక్సెళ్లు ఉన్నా, పెట్టెలోంచి తీసినప్పుడు అది 1080 పిక్సెళ్ల వెడల్పుకే సెట్ చేసి ఉంటుంది. 1440 కావాలంటే మనమే సెట్టింగులలోకి వెళ్లి మార్చుకోవాలి. మార్చకపోయినా చాలామందికి తేడా తెలియదు. ఇంకోవైపు, చాలా ఓలెడ్ తెరల్లో ఆ లెక్క పూర్తిగా చెల్లేది పచ్చ చుక్కలకే. ఎరుపు, నీలం చుక్కలు అందులో సగమే ఉంటాయి. అందుచేత 460 కంటే 505 గొప్పదన్న పోటీకి చదివేవాడి వరకు విలువ లేదు.

మరి చదువు ఎక్కడ చెడుతుంది? ఐఫోన్‌లో మామూలు వాక్యం సైజు 17 పాయింట్లు. తెర మీద అక్షరానికి కేటాయించిన గడి మొత్తం మూడు మిల్లీమీటర్ల లోపే. అందులో ఒత్తుకు దక్కేది సుమారు ఒక మిల్లీమీటరు, ఇంకా తక్కువే కావచ్చు. ‘సత్యం’, ‘సత్వం’ అన్న రెండు మాటలకూ తేడా అంతా ఆ కాస్త చోటులో ఉంది. ‘అర్థం’, ‘అర్ధం’ అయితే ఇంకా కష్టం. ఒత్తు లోపల ఒక చుక్క ఉందా లేదా అన్నదే తేడా, ఆ చుక్క వంతుకు వచ్చేవి రెండో మూడో పిక్సెళ్లు. పిక్సెళ్లు ఉన్నాయి సరే, ఆ చుక్కకూ దాని చుట్టూ ఉన్న తెల్లదనానికీ మధ్య తేడా కంటికి అందాలి. దాన్ని నిర్ణయించేది తెర మీద పడే బయటి వెలుతురు. ఫోను సమీక్షలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు మింగుడుపడదు.

లెక్క వేసి చూద్దాం. నడి ఎండలో నేల మీద పడే వెలుతురు సుమారు లక్ష లక్స్. ఆ ఎండలో తెల్ల చొక్కా, తెల్ల పంచె దాదాపు పాతికవేల నిట్ల వెలుగును తిప్పికొడతాయి. మామూలు గాజు తన మీద పడిన వెలుతురులో నాలుగైదు శాతం వెనక్కి పంపుతుంది. అంటే ఫోను చూస్తున్న మనిషి తొడుక్కున్న తెల్లబట్ట ఒక్కటే తెర మీద వెయ్యి నిట్ల పైచిలుకు ప్రతిబింబంగా వచ్చి పరుచుకుంటుంది. తెర తానుగా వెయ్యి నిట్లు ఇస్తోందనుకుందాం. నల్లగా ఉండవలసిన అక్షరం వెయ్యి నిట్లతో బూడిదరంగులో వెలుగుతుంది, దాని చుట్టూ తెలుపు రెండువేలు. రెండింటి నిష్పత్తి ఒకటికి రెండు. చదవడానికి కనీసం ఒకటికి నాలుగున్నర ఉండాలని వెబ్ పేజీల ప్రమాణాలు చెబుతాయి. ఒత్తులోని చుక్క మాయమయ్యేది ఇక్కడే. దీనికి మందు నిట్లను రెట్టింపు చేయడం అని కంపెనీలు చాలాకాలం అనుకున్నాయి. ఐఫోన్ 14 ప్రో ఆరుబయట 2000 నిట్లు ఇస్తుందన్నారు, ఎస్24 అల్ట్రా 2600 అంది. కానీ ఎస్24 అల్ట్రాలో నిజంగా మెచ్చుకోవలసింది ఆ 2600 కాదు, పైనున్న గొరిల్లా ఆర్మర్ గాజు. ప్రతిబింబాన్ని 75 శాతం వరకు తగ్గిస్తుందని దాని తయారీ సంస్థ కార్నింగ్ చెప్పిన గాజు అది. పై లెక్కలోనే ప్రతిబింబాన్ని ఆ మేరకు తగ్గించి చూడండి. అదే వెయ్యి నిట్ల తెరకు నిష్పత్తి ఒకటికి నాలుగున్నర దాకా వస్తుంది. వెలుగు పెంచకుండా, బ్యాటరీ ఖర్చు కాకుండా, అక్షరం తిరిగి వచ్చింది.

వేడి సంగతి దీనికి తోడు. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిలే చెబుతుంది. విరుదునగర్ జిల్లాలో వేసవి మధ్యాహ్నం ఆ 35ను ఎన్నిసార్లు దాటుతుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. వేడెక్కిన ఫోను తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది. అంటే పెట్టె మీద రాసిన నిట్లు చల్లటి గదివి. అత్యంత అవసరమైన చోట, అత్యంత అవసరమైన వేళ ఆ అంకె చేతికి అందదు. ఎండలో పది నిమిషాలు ఉంచిన తర్వాత తెర ఎంత వెలుగు ఇస్తోందో చెప్పే సమీక్ష నాకు అన్ని చార్టుల కంటే విలువైనది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, అక్షరం బాగోకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, డిస్‌ప్లేది కాదు అని. ఇంజినీరు పట్టికలో ఆ విభజన నిజమే. వాడేవాడికి చేతిలో ఉన్నది ఒకటే వస్తువు. 2017 నవంబరులో ఐఫోన్ టెన్ వచ్చినప్పుడు, అప్పటిదాకా పరీక్షించిన ఫోను తెరలన్నింటిలో అదే మేటి అని డిస్‌ప్లేమేట్ సంస్థ తీర్పు ఇచ్చింది. భారత్‌లో దాని ధర 89,000 రూపాయల నుంచి మొదలైంది. మూడు నెలలు తిరిగేసరికి, 2018 ఫిబ్రవరిలో, ఒక తెలుగు అక్షరం ఆ ఫోనును కుప్పకూల్చింది. జ కింద ఞ ఒత్తు, ఆపైన కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, తర్వాత దీర్ఘం. ఈ వరస మెసేజీలో వస్తే చాలు, యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. తొందరగానే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ‘జ్ఞా’ తెలుగులో అరుదైన అక్షరం కాదు, జ్ఞాపకంలో, విజ్ఞానంలో నిత్యం ఉండేదే. ప్రపంచంలో మేటి తెర అన్న తీర్పు చెప్పినప్పుడు ఆ తెర మీద ఎవరి లిపి పెట్టి చూశారు అన్న ప్రశ్న అప్పుడే రావలసింది.

ఫాంటు కూడా తెరలో భాగమే. చాలాకాలం ఐఫోన్ మీద మనం చదివిన తెలుగు ఫాంట్లలో తెలుగు సంగం ఎంఎన్ ఒకటి. ఎంఎన్ అంటే ముత్తు నెడుమారన్, మలేషియాకు చెందిన తమిళ సాంకేతికుడు. ఒక తమిళుడి చేతి గీతల్లో తెలుగు ప్రపంచమంతా వెళ్లిందన్నది ఈ రెండు భాషలూ కలిసి బతికే రాజపాళయం వారికి సంతోషం కలిగించే సంగతి. ఆండ్రాయిడ్‌లో ఆ పని నోటో సాన్స్ తెలుగు చేస్తోంది. పురుషోత్ కుమార్ గీసిన మండలి, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నా ఫోను మెనూల దాకా రాలేదు. సన్న గీతల ఫాంటు ఆఫీసు గదిలో నాజూగ్గా ఉంటుంది, ఎండలో ముందుగా కరిగిపోయేది అదే. కనుక ఫాంటు మందాన్ని, వరసల మధ్య ఎడాన్ని తెరతో కలిపే తూచాలి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. ఈ ధర పెట్టి కొనేవాళ్లు వీడియోల కోసం, కెమెరా కోసం కొంటున్నారు, చదవడానికి పదిహేనువేల ఫోను చాలదా అని. చాలదు. ప్రతిబింబం తగ్గించే గాజు, ఎండలో నిలబడే వెలుగు, రాత్రి కళ్లు పీకకుండా వెలుగును తగ్గించే పద్ధతి ముందుగా ఖరీదైన ఫోన్లలోనే వస్తాయి. ఓలెడ్ తెర రాత్రిపూట వెలుగు తగ్గించడానికి సెకనుకు కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతుంది. కొందరికి ఇది తలనొప్పి తెస్తుంది, ముఖ్యంగా కన్ను అక్షరం నుంచి అక్షరానికి గెంతుతూ చదివేటప్పుడు. సెకనుకు వేలసార్లకు ఆ వేగం పెంచిన ఫోన్లు మార్కెట్లో ఉన్నాయి. వీడియో చూసేవాడికి పట్టని ఈ తేడా చదివేవాడికి పడుతుంది. అంతేకాదు, చదవడానికి పనికొచ్చే తెర మీద బొమ్మ కూడా బాగానే ఉంటుంది. బొమ్మకు మెరిసే తెర చదవడానికి పనికొస్తుందన్న పూచీ మాత్రం లేదు.

అక్షరం సైజు పెంచుకుంటే సరిపోదా అంటారు. కొంతవరకు సరిపోతుంది. కానీ పెంచగానే చాలా యాప్‌లలో బటన్ మీది తెలుగు మాట సగంలో తెగిపోతుంది, ఒత్తు బటన్ అంచు కిందికి జారిపోతుంది. ప్రతిబింబం వల్ల పోయిన తేడాను సైజు పూర్తిగా తిరిగి తేలేదు కూడా.

ఇక రూపం. టైటానియం చట్రం వల్ల ఐఫోన్ 15 ప్రో 187 గ్రాములకు దిగింది, అంతకుముందు 14 ప్రో 206 గ్రాములు ఉండేది. ఒంటిచేత్తో పట్టుకుని చదివేవాడి మణికట్టుకు ఆ తేడా తెలుస్తుంది. ఇది నిజమైన మేలు. వంపు తిరిగిన అంచులు అలాంటివి కావు. 2014 గెలాక్సీ నోట్ ఎడ్జ్‌తో మొదలై ఆ మోజు దాదాపు పదేళ్లు నడిచింది. వంపు మీద ఎప్పుడూ ఒక వెలుగు చార పడుతుంది, వరస చివరి అక్షరం ఆ చారలో మునుగుతుంది. ఎస్24 అల్ట్రాలో సామ్‌సంగ్ తెరను చదును చేసింది, మంచి పని. వెనక గాజు రంగు, మెరుగు గురించి రాసే పేజీలు మాత్రం నాకు అనవసరం అనిపిస్తాయి, ఎందుకంటే కొన్న రోజే దానికి కవర్ తొడిగేస్తాం. ముందు వైపు టెంపర్డ్ గ్లాస్ అతికిస్తాం. ఈ రెండోది కేవలం అందం సంగతి కాదు. ప్రతిబింబం తగ్గించే గాజు మీద మామూలు గాజు అతికిస్తే, పైనున్న కొత్త ఉపరితలం తన నాలుగు శాతం తాను తిప్పికొడుతుంది. అంత ఖర్చు పెట్టి కొన్న గుణం నూటయాభై రూపాయల అద్దం కింద పోతుంది. అతికించక తప్పదనుకుంటే ప్రతిబింబం తగ్గించే పూత ఉన్నదే అడగాలి.

చివరి అభ్యంతరం రాజపాళయం గురించే. ఇక్కడి తెలుగువారిలో చాలామంది తెలుగు లిపి చదవరు కదా, ఒత్తుతో వారికేం పని అనవచ్చు. నా దృష్టిలో ఒత్తు స్పష్టంగా ఉండవలసింది అందరికంటే ముందు వారికే. లిపి బాగా వచ్చినవాడు ఒత్తు సరిగ్గా చూడకుండానే చదివేస్తాడు. ముందూ వెనకా మాటలను బట్టి ‘అర్థం’ ఏదో ‘అర్ధం’ ఏదో ఊహించుకుంటాడు, తెర చేసిన తప్పును అతని మెదడు దిద్దుకుంటుంది. సినిమా పేర్ల నుంచో, హైదరాబాదు బంధువుల మెసేజీల నుంచో పెద్దయ్యాక అక్షరాలు కూడబలుక్కుంటున్న మనిషికి ఆ ఊతం ఉండదు. తెర ఎంత చూపిస్తే అంతే. శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు కూర్చుతున్నారు, తెలుగు వినిపించే హోసూరులో టాటా ఎలక్ట్రానిక్స్ వాటి లోహపు తొడుగులు చేస్తోంది. అటు శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారుచేసిన షామీ ఫోను, రెడ్‌మీ 2 ప్రైమ్, 2015 ఆగస్టులో విశాఖలో విడుదలైంది. ఇన్ని ఫోన్లు మన చేతుల మీదుగా తయారవుతున్నప్పుడు, వాటి పరీక్షకు పెట్టే అక్షరాల్లో ఒక ‘ర్థ’, ఒక ‘త్త్వ’ ఉండాలని తయారీదారులనూ సమీక్షకులనూ అడగడం అత్యాశ కాదు. కొనేవాళ్లు ఆ జవాబు కోసం ఆగనక్కర్లేదు. తెన్కాశి రోడ్డు కొట్లో ఫోను చూపించమన్నప్పుడు, డెమో వీడియో ఆపి, ఏదైనా తెలుగు పత్రిక పేజీ తెరిచి, కొట్టు మెట్ల మీదికి తీసుకెళ్లి చదువుతామని చెప్పవచ్చు. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ లక్ష పైచిలుకు జేబులోనే ఉంచుకుని పక్క కొట్లో అడగవచ్చు.