బుడుగు, డెనిస్, కాల్విన్: నవ్వు ఎక్కడ పుడుతుంది?

కరామాలో మన ఇళ్ళకు ఇంగ్లీషు పేపరు రాగానే పిల్లల చేతులు బొమ్మల పేజీకే పోతాయి. మేమేమో పెట్టె అడుగునుంచి ‘బుడుగు’ తీసి, “ఇదిగో అసలైన అల్లరి” అంటాం. వాదన మొదలవుతుంది. ఎవరు గొప్పో తేల్చడం మా ఉద్దేశం కాదు. ఏ నవ్వు ఎక్కడ పుడుతోందో చూద్దామని ఈ నాలుగు మాటలు.

హాంక్ కెచమ్ గీసిన డెనిస్ 1951 మార్చిలో అమెరికా పత్రికల్లోకి వచ్చాడు. మామూలు రోజుల్లో ఒకే బొమ్మ, కింద ఒక మాట. పక్కింటి విల్సన్ గారి మొహం చూస్తే చాలు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. భాష అంతంతమాత్రంగా వచ్చినవాడికీ నవ్వొస్తుంది.

బిల్ వాటర్సన్ కాల్విన్ (1985–1995) దారి వేరు. హాబ్స్ పిల్లవాడికి ప్రాణమున్న పులి, పెద్దవాళ్ళకు ఉత్త బొమ్మ. ఏది నిజమో రచయిత తేల్చడు. ఆ తేల్చకపోవడంలోనే ఉంది నవ్వంతా.

1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు అసలు బొమ్మల వరస కాదు, బాపు గారి బొమ్మలతో నడిచిన కబుర్లు. పెద్దల మాటల్ని విన్నది విన్నట్టు, అర్థం మాత్రం తనకు తోచినట్టు అప్పజెపుతాడు. బొమ్మ తీసేసినా బుడుగు మిగులుతాడు. గొంతు తీసేస్తే మిగలడు. అందులో లోపం లేదనం. బాబాయి, రెండుజెళ్ళ సీతల హాస్యానికి మా అమ్మాయిలు మొహం చిట్లిస్తారు. వాళ్ళది తప్పని అనలేం.

అసలు తేడా ఇంట్లో ఉంది. బుడుగు చుట్టూ బామ్మ, బాబాయి, రాధ, గోపాళం, ఇరుగుపొరుగు; వినడానికి బోలెడు మాటలు. కాల్విన్ ఒక్కడే బిడ్డ. అతని అమ్మానాన్నలకు కథలో పేర్లయినా లేవు. మాట్లాడేందుకు పులిని తెచ్చుకున్నాడు. నిజం చెప్పుకోవాలంటే, తలుపు వేసుకున్న కరామా ఫ్లాట్లో మన పిల్లలు కాల్విన్‌కే దగ్గర. వాళ్ళు అతన్ని ఇష్టపడటం తెలుగుమీద చిన్నచూపు కాదు.

కనుక ‘బుడుగు’ను వాళ్ళ చేతికిచ్చి చదవమంటే లాభంలేదు. ఈ సెలవురోజున మనమే పైకి చదువుదాం. ఊరినుంచి అమ్మమ్మో తాతయ్యో వచ్చి ఉంటే వాళ్ళచేత చదివిద్దాం. అర్థంకాని మాట దగ్గర పిల్లలు ఆపి అడుగుతారు. అడగనివ్వండి. బుడుగు చేసే పనీ అదేగా!