మండువా ఉన్న మ్యూజియం

జపాన్‌లోని కనజావాలో ఆధునిక కళకు ఒక మ్యూజియం ఉంది. 2004లో తెరిచారు. 112.5 మీటర్ల వ్యాసంతో గుండ్రటి కట్టడం, చుట్టూ అద్దమే గోడ. నాలుగు వైపుల నుంచీ లోపలికి వెళ్లొచ్చు కాబట్టి వీధి వైపు, పెరటి వైపు అన్న తేడా లేదు. మన వాస్తు సిద్ధాంతిగారిని తీసుకెళ్తే సింహద్వారం ఏదో తేల్చలేక తాంబూలం తీసుకోకుండానే తిరిగొచ్చేస్తారు. దాన్ని కట్టిన ఆర్కిటెక్టులు కజుయో సెజిమా, ర్యూయే నిషిజావాలకు 2010లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

మావాడి ఉద్యోగం పుణ్యమా అని నేనూ చూసొచ్చాను. అక్కడ జనం ఎక్కువసేపు కూర్చునేది అమెరికన్ కళాకారుడు జేమ్స్ టరెల్ గదిలో. బొమ్మ లేదు, విగ్రహం లేదు. గోడల వెంట అరుగులు, కప్పు మధ్యలో చతురస్రంగా ఖాళీ. అందులోంచి కనబడే ఆకాశమే కళాఖండం. వానొస్తే గదిలోనే కురుస్తుంది. అందరూ తలలెత్తి గుసగుసలాడుతుంటే నాకు రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చి నవ్వాగలేదు.

తేడా లేకపోలేదు. టరెల్ ఆ ఖాళీ అంచును కత్తివాదరలా చెక్కించాడు. కప్పు మందం కంటికి ఆనదు, ఆకాశం చేతికందేటంత దగ్గరికి దిగొస్తుంది. మన వడ్రంగి ఏదీ దాచలేదు. వాసాలు, పెంకులు, చూరు చివర రేకు కాలవ, మూలనుంచి ధార పడేచోట గంగాళం, వసారా కన్నా జానెడు దిగువన మండువా, నీళ్లు పోయే తూము, అన్నీ ఎదురుగానే ఉంటాయి. ఆ వెలుగులో మా అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరేది. ఆకాశం కేసి చూసే తీరిక ఆవిడకెక్కడిది?

మన కోనసీమకూ మండువా ఉన్న మ్యూజియం ఒకటి కట్టాలని నా ఆశ. అలాగని మండువా చుట్టూ బొమ్మలు వేలాడదీయమనను. కోనసీమ చెమ్మకు బీరువాలో పట్టుచీరలే బూజు పడతాయి. నీటిరంగుల కాగితం ఎండకూ ఆగదు, తేమకూ ఆగదు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు బొమ్మలను రాజమండ్రి గ్యాలరీలో ఇప్పటికీ చూడగలుగుతున్నామంటే, అది వరదా వెంకటరత్నం వంటి మిత్రులు వాటిని కనిపెట్టుకుని ఉన్న ఫలితం. కనజావాలోనూ బొమ్మలున్న గదులు మూసే ఉంటాయి.

విగ్రహాలకు ఆ బెంగ లేదు. కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాల ఉండనే ఉంది. ముందు మట్టి నమూనా, తర్వాత ప్లాస్టర్ అచ్చు, ఆపైన కంచో ఫైబరో. ఊరూరా కూడళ్లలో చెయ్యెత్తి నిలబడే నాయకులకు ముక్కూ మూతీ దిద్దేది ఇలాంటి చోటే. నన్నడిగితే కోనసీమ మ్యూజియం అక్కడే కట్టాలి. నడుమ పెద్ద మండువా, అందులో విగ్రహాలు; చుట్టూ మందపాటి గోడల గదులు, వాటిలో కాగితం బొమ్మలు.

కాంట్రాక్టరుగారు మాత్రం మొదటిరోజే అడుగుతారు, "వాన లోపలికొచ్చేస్తుంది కదండీ, పైన ఫైబర్ షీటు వేయించేద్దామా?" అని. మా వీధిలో మండువాలన్నీ అలాగే మూసుకుపోయాయి. షీటు వద్దని ఎస్టిమేటులోనే రాయించుకోవాలి.