అమ్మా అని పిలిచే దెయ్యం

స్నానాల తొట్టిలోని నీళ్లు పైకి లేచి ఇంటికప్పుకు అతుక్కుంటాయి. ‘ది రింగ్ టూ’ (2005) చూసినవాళ్లకు బాగా గుర్తుండే దృశ్యం ఇది. నన్ను భయపెట్టింది మాత్రం ఆ తర్వాతది. ఒళ్లు చల్లబడిన కొడుకు ఎయిడన్‌ను రేచల్ ఆసుపత్రికి తీసుకెళ్తే, వాడి ఒంటి మీది కమిలిన మచ్చలు చూసి డాక్టరమ్మ తల్లినే అనుమానిస్తుంది. బావిలో చచ్చిన సమారా అనే పిల్ల వాడిని ఆవహించిందని చెబితే ఎవరు నమ్ముతారు?

దర్శకుడు హిదేయో నకాతా జపాన్‌వాడు. 1998లో ‘రింగు’, మరుసటేడు దాని రెండో భాగం తీసినవాడు. అతని వెనక ‘కైదాన్’ అనే దెయ్యం కథల సంప్రదాయం ఉంది. యజమాని చంపి బావిలో పడేస్తే, దెయ్యమై పళ్లేలు లెక్కపెడుతూ తొమ్మిది దగ్గర ఆగిపోయే పనిమనిషి ఒకికు కథ అందులోదే. 1825 నాటి కబుకి నాటకం ‘యొత్సుయా కైదాన్’లో భర్త వంచనకు, విషానికి బలైన ఒఇవా తల దువ్వుకుంటుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది. ప్రేక్షకుడు మీదికి దూకే దెయ్యం కోసం కాదు, దువ్వెన మరోసారి కదలడం కోసం బిగుసుకుని కూర్చుంటాడు. నకాతా పట్టుకున్న కిటుకు ఇదే. ‘రింగు’లో సదాకో అనే దెయ్యం టీవీలోంచి వచ్చేటప్పుడు నటి రియే ఇనోను వెనక్కి నడిపించి, ఆ ఫిల్మును తిరగేసి చూపించారు. నడక మనిషిదే, ఎక్కడో కీళ్లు తప్పినట్టుంటుంది. ముఖమేమో జుట్టు చాటున! గజ్జెల చప్పుడుతో ముందే కబురందే మన సినిమా దెయ్యాలకు ఈ నిదానం తెలియదు.

ఈ కథల్లో దెయ్యాన్ని పూర్తిగా అసహ్యించుకోలేం. చనిపోయాక సమాధిలో బిడ్డను కని, ఆ బిడ్డ కోసం రాత్రిపూట వచ్చి మిఠాయి కొనుక్కెళ్లే తల్లి కథ జపాన్‌లో ప్రసిద్ధం. అది మా కొట్టే అని చెప్పుకునే దుకాణం క్యోటోలో ఉంది.

నకాతా 2002లో తీసిన ‘డార్క్ వాటర్’ ఆ కోవలోదే. విడాకుల గొడవలో కూతురు ఎక్కడ దూరమవుతుందోనని హడలిపోయే యొషిమి, చివరికి కూతుర్ని కాపాడుకోవడానికి నీళ్ల ట్యాంకులో పడి చచ్చిన పరాయి పిల్లకు అమ్మగా ఉండిపోతుంది. మూడేళ్ల తర్వాత అమెరికాలో రేచల్ సమారా నోట ‘అమ్మా’ అన్న అదే పిలుపు విని, నీ అమ్మను నేను కాదు పొమ్మని తిట్టి బావి మూత మూసేస్తుంది. అక్కడి థియేటర్లలో చప్పట్లు పడాల్సిన చోటే అది. నాకు మాత్రం సమారా మీద జాలేసింది. ఆమెను కన్నతల్లి కూడా నీళ్లలో ముంచి చంపబోయిందన్న సంగతి ఈ సినిమాయే చెప్పింది కదా!

కారు మీద విరుచుకుపడే కంప్యూటర్ దుప్పుల గురించి చెప్పకపోవడమే మర్యాద. నకాతా 2019లో జపాన్‌లోనే మళ్లీ సదాకో దగ్గరికి వెళ్లాడు.