మంచులో చెమట

1947లో అమెరికాలోని ఆస్పెన్ కొండల్లో స్కీయింగ్ నేర్పే పనికి కుదిరిన క్లాస్ ఓబర్‌మేయర్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. పాఠం మొదలైన కాసేపటికే శిష్యులు చలికి తాళలేక వెనక్కి వెళ్ళిపోయేవారు. వాళ్ళు నిలబడితేనే ఆయనకు పని. సొంత ప్రాంతం బవేరియాలో తల్లి ఇచ్చిన ఈకల బొంత ఒకటి ఆయన దగ్గర ఉంది. దాన్ని కత్తిరించి, చేతులు అతికి, జాకెట్‌గా కుట్టుకున్నాడు. చూసినవాళ్ళంతా తమకూ అలాంటిది కావాలన్నారు. ఆ బొంతతోనే ఒక స్కీ దుస్తుల కంపెనీ పుట్టింది.

ఈ కథ వింటే చలికి విరుగుడు మందమే అనిపిస్తుంది. కానీ స్కీ చేసేవాడు ఒకచోట ముడుచుకుని కూర్చునేవాడు కాదు. ఏటవాలున జారుతున్నంతసేపూ తొడలు కొలిమిలా పనిచేస్తాయి, ఒళ్ళంతా చెమట పడుతుంది. కిందికి చేరాక మళ్ళీ పైకి వెళ్ళడానికి లిఫ్టు కుర్చీలో పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చుట్టూ ఈదురుగాలి. అప్పటిదాకా పట్టిన చెమట ఆ పది నిమిషాల్లో ఏమవుతుంది? నూరేళ్ళకు పైగా దర్జీలూ రసాయన శాస్త్రజ్ఞులూ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు.

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కుండ గోడలోంచి ఊరిన తడి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మే నెలలో మన ఒంటిమీది నూలు చొక్కా చేసే పనీ అదే. చెమటను పీలుస్తుంది, తనలో దాచుకుంటుంది, మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఒక్క గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ళ వేడి కావాలి. మన ఎండల్లో ఇంత మేలు చేసే గుణమే మంచుకొండమీద ప్రాణం మీదికి తెస్తుంది. తడిసిన నూలు త్వరగా ఆరదు. పైగా నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా వేడిని బయటికి చేరవేస్తుంది. అమెరికా చదువులకు వెళ్ళిన మన పిల్లలు మొదటిసారి స్కీయింగ్‌కు వెళుతూ అలవాటుకొద్దీ జీన్సు, కాటన్ టీషర్టు వేసుకుని, పైన ఎంత లావు కోటు తొడిగినా మధ్యాహ్నానికి వణికిపోయేది ఇందుకే. పత్తి ప్రాణాలు తీస్తుందని పర్వతారోహకులు హెచ్చరించడం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఈ లెక్క అందరికంటే ముందు తెలిసినవాళ్ళు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ స్త్రీలు. స్కీ దుస్తుల చరిత్రను యూరప్ ఫ్యాషన్ ఇళ్ళతో మొదలుపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇవాళ ప్రపంచమంతా వాడే అనోరాక్ అన్న మాట గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లదే. పార్కా అన్న మాట రష్యా ఉత్తరాన ఉండే నేనెట్స్ జాతి భాషలో పుట్టింది. మాటలు అక్కడివైనప్పుడు పనితనం ఎక్కడిదో వేరే అడగాలా?

వాళ్ళు వాడింది కారిబూ తోలు. కారిబూ అంటే రెయిన్‌డీర్ జాతి జింక. దాని వెంట్రుకల లోపల గాలి నిండిన గదులుంటాయి. గాలిని బంధిస్తే వేడి నిలుస్తుంది. ఇలాంటి తోలుతో రెండు జతలు కుట్టేవారు. లోపలి జత బొచ్చు ఒంటివైపు, పై జత బొచ్చు బయటికి. రెండింటి మధ్యా మరో గాలి పొర. ముందువైపు బొత్తాలు ఉండవు, తలమీంచి తొడుక్కోవాలి. దుస్తు ఒంటికి అంటకుండా వదులుగా ఉంటుంది. వేటగాడు కుక్కల బండి వెంట పరుగెత్తి వేడెక్కితే టోపీ వెనక్కి తోస్తాడు. వేడి గాలి, దానితోపాటు చెమట ఆవిరి, మెడ దగ్గర పైకి పోతుంది. ఆగినప్పుడు టోపీ బిగిస్తాడు. నేటి ఖరీదైన స్కీ జాకెట్ చంకల కింద జిప్పులు పెట్టి చేస్తున్న పని ఇదే.

ముఖం చుట్టూ టోపీ అంచుకు వుల్వరీన్ అనే జంతువు బొచ్చు వేసేవారు. ఊపిరి తగిలి దానిమీద పేరుకున్న మంచును చేత్తో దులిపితే రాలిపోతుంది. లోపలికి వచ్చేముందు బట్టలమీది మంచును ఒక కర్రతో కొట్టి రాల్చేవారు, అది కరిగి తోలులోకి ఇంకకుండా. సముద్రం పనికి సీల్ పేగులను చీల్చి, ఆరబెట్టి, పట్టీలుగా కుట్టిన పైకోటు ఉండేది. బరువు ఏమీ ఉండదు, నీటి చుక్క లోపలికి రాదు. దారం జింక వెన్ను వెంబడి ఉండే నరపు పీచు. తడి తగిలితే ఉబ్బి, సూది చేసిన రంధ్రాన్ని తనే పూడ్చేస్తుంది. తడిలో తిరిగే బూట్లకు సూది తోలును పూర్తిగా దాటకుండా సగం మందంలోంచే వెళ్ళేలా కుట్టు వేసేవారు. ఒక్క కుట్టు తప్పితే భర్త వేటనుంచి తిరిగి రాకపోవచ్చు. ఇంత బాధ్యత మోసిన సూదులు పట్టినవాళ్ళ పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

ఆ విద్య విలువ గుర్తించిన యూరప్ మనిషి నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్. 1903 నుంచి 1905 దాకా కెనడా ఉత్తరాన ఉన్న జోవా హేవెన్‌లో రెండు చలికాలాలు గడిపి, నెట్‌సిలిక్ ఇన్యూట్‌ల దగ్గర దుస్తులు వేసుకోవడం నేర్చుకున్నాడు. వాళ్ళ వదులు బొచ్చు దుస్తుల తీరును 1911లో దక్షిణ ధ్రువ యాత్రకు తీసుకెళ్ళాడు. ఆ ధ్రువం చేరే పోటీలో ఉన్న బ్రిటన్ అన్వేషకుడు స్కాట్ బృందం ఉన్ని బట్టలమీద గాలి ఆపే గాబర్డీన్ తొడిగింది. స్కాట్‌ను తెలివితక్కువవాడిగా చూపడం ఇప్పుడు మామూలైంది, నేను దానికి ఒప్పుకోను. అముండ్‌సెన్ బళ్ళను కుక్కలు లాగాయి. స్కాట్ మనుషులు చాలా దూరం బళ్ళను తామే లాగారు. అంత చాకిరీలో బొచ్చు తొడిగితే చెమటలో మునిగిపోతారు. శ్రమను బట్టి బట్ట ఉండాలి, వాళ్ళ శ్రమకు సరిపోయే బట్ట అప్పటికి ప్రపంచంలో పుట్టలేదు. ఆ బృందంలోని ముగ్గురు 1911 చలికాలంలో పెంగ్విన్ గుడ్ల కోసం వెళ్ళినప్పుడు వాళ్ళ చెమట, ఊపిరి తడి గడ్డకట్టి నిద్ర సంచుల బరువు రెట్టింపుకు మించింది. వాళ్ళలో చెర్రీ-గరార్డ్ ఒక ఉదయం గుడారం బయటికొచ్చి తల పైకెత్తి చూశాడు. అంతలోనే బట్టలు బిగుసుకుపోయి తల మళ్ళీ దించలేకపోయాడు. గంటల తరబడి అలాగే బండి లాగాడు.

గాబర్డీన్ మంచి బట్టే. ఇంగ్లండ్‌లో థామస్ బర్బెర్రీ 1879లో కనిపెట్టాడు. నేసిన బట్టకు నూనె పూయడం కాకుండా, నూలునే ముందు నీరంటకుండా శుద్ధిచేసి, ఆపైన చిక్కగా నేయడం ఆయన చేసిన మార్పు. రబ్బరు కోటులా ఊపిరాడకుండా చేయదు. 1920లకల్లా స్కీ చేసేవాళ్ళు ముతక ఉన్ని ప్యాంట్లనుంచి దీనికి మారారు, ఉన్నికి మంచు ఉండలుగా అంటుకుంటుంది కాబట్టి.

అయితే ఒంటికి ఆనే లోపలి బట్టగా ఉన్నిని మించింది లేదు. తెలంగాణలో వానలో గొర్రెలు కాసేవాళ్ళు గొంగడిని కొప్పెర వేసుకుని నిలబడతారే, ఆ రహస్యమే ఇక్కడా పనిచేస్తుంది. ఉన్ని పోగు పైభాగం నీటిచుక్కను తోసేస్తుంది, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు తడి పీల్చినా తడిసినట్టు తెలియదు. పైగా పీల్చేటప్పుడు కాస్త వేడి పుట్టిస్తుంది. గొంగడి గుచ్చుకుంటుంది. సన్నని పోగున్న మెరీనో గొర్రె ఉన్ని గుచ్చుకోదు, అంతే తేడా.

నార్వేలో 1933లో హెన్రిక్ బ్రున్ అనే సైనికాధికారికి వచ్చిన ఆలోచన నాకు ఎంతో ఇష్టం. ఆయన పాత చేపల వలలు తెచ్చి బనియన్‌గా కుట్టించాడు. వలలో ఉన్నవన్నీ కంతలే కదా, వెచ్చదనం ఎలా? ఆ కంతలనిండా గాలి నిలుస్తుంది, పైన చొక్కా వేస్తే గాలి అక్కడే బందీ అవుతుంది. మెడ దగ్గర విప్పితే చెమట ఆవిరి దారి చూసుకుంటుంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం దగ్గర ఈ వల బనియన్లు ఉన్నాయి. ఇవాళ్టికీ అమ్ముతున్నారు.

మ్యూనిక్‌లో మరియా బోగ్నర్ చేసిన మార్పు చలికి సంబంధించింది కాదు, కదలికకు సంబంధించింది. నైలాన్ పోగును గట్టిగా మెలితిప్పి, ఆ మెలికను వేడితో నిలిపి, తిరిగి విప్పితే స్ప్రింగులా సాగుతుంది. స్విట్జర్లాండ్‌లో తయారైన ఆ హెలాంకా పోగును ఉన్నితో కలిపిన బట్టతో 1950ల తొలినాళ్ళలో ఆమె స్కీ ప్యాంట్లు కుట్టింది. పాదం కింద పట్టీతో, కాలికి అతుక్కుని, మోకాలు ఎంత వంచినా ముడత పడకుండా. అంతకుముందు స్కీ ప్యాంటు గాలికి బస్తాలా ఉబ్బేది. ఈ ప్యాంటుతో స్కీ బట్టలు కొండ దిగి నగరాల వీధుల్లోకి వచ్చాయి. కొందరు దీన్ని అలంకారమని తీసిపారేస్తారు. లంగాలు తొడుక్కుని స్కీ చేయాల్సి వచ్చిన ఆడవాళ్ళ తరం ఇంకా బతికున్న రోజులవి. వాళ్ళకు అది అలంకారం ఒక్కటే కాదు.

ఆ తరవాతి మలుపు ఊహించని చోటునుంచి వచ్చింది. 1970లలో కాలిఫోర్నియాలో పాటగోనియా కంపెనీ నడుపుతున్న ఇవాన్ షునార్డ్ నీరు తాగని బట్టకోసం వెతుకుతున్నాడు. సముద్రంలో ఓడ తాళ్ళకు వాడే పాలీప్రొపిలీన్ నీటిని అసలు పీల్చదు. పసిపిల్లల డైపర్లలో లోపలి పొరగా అదే వాడుతున్నారు, బిడ్డ ఒంటిని పొడిగా ఉంచడానికి. ఆ పోగుతో 1980లో లోదుస్తులు తెచ్చారు. లోపల చెమటను బయటికి పంపే పొర, మధ్యలో వేడి నిలిపే పొర, పైన గాలినీ మంచునూ ఆపే పొర అంటూ ఆ కంపెనీ కేటలాగు పాఠంలా వివరించింది. చిక్కల్లా డ్రయ్యర్ వేడికి ఆ పోగు కరిగిపోవడం. 1985లో దాని స్థానంలో పాలిస్టర్ వచ్చింది. మధ్య పొరకు మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ సాయపడింది. నకిలీ బొచ్చు కోట్ల మోజు తగ్గి చితికిపోయిన మిల్లు అది. పాలిస్టర్ అల్లికను బ్రష్షుతో గీకి నూగు లేపడం వాళ్ళకు వచ్చిన విద్య. అదే ఫ్లీస్. హైదరాబాద్ డిసెంబరు చలికి మనం తొడుక్కునే ఆ మెత్తని స్వెట్టర్ పుట్టుక ఇదీ.

ఇక పై పొర. 1969 అక్టోబరులో డెలవేర్‌లో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి నెమ్మదిగా సాగదీసేవాడు, అవి తెగిపోయేవి. విసిగి ఒక కడ్డీని ఒక్కసారిగా గుంజాడు. తెగలేదు, చేతులు చాచినంత పొడవు సాగింది. ఆ గుంజుడుకు పదార్థంలో లెక్కలేనన్ని సన్నని కంతలు పడ్డాయి. ఒక్కో కంత నీటి బొట్టుకంటే 20,000 రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువుకంటే 700 రెట్లు పెద్దది. వాన లోపలికి రాలేదు, చెమట ఆవిరి బయటికి పోగలదు. 1976లో గోర్-టెక్స్ బజారుకొచ్చింది. తొలి కోట్లలో ఒంటి జిడ్డు ఆ కంతల్లో చేరి నీరు కారేది. జిడ్డును ఆపే మరో పలుచని పొర వేశాక నిలిచింది.

దాని ఖరీదు మాత్రం తరవాత తెలిసింది. పైబట్ట తడిసి ముద్దయితే ఆవిరికి దారి మూసుకుపోతుంది, కనుక నీరు జారిపోయేలా దానికి ఫ్లోరిన్ రసాయనాల పూత వేయాల్సి వచ్చింది. ఆ జాతి రసాయనాలు నేలలో, నీళ్ళలో, మనుషుల రక్తంలో చేరి ఏళ్ళ తరబడి విరగకుండా మిగిలిపోతాయి. మంచు మీద ప్రేమతో కొండకు వెళ్ళేవాళ్ళ బట్టలే ఆ మంచుకరిగిన నీటిని పాడుచేశాయన్నది నన్ను బాధపెట్టే విషయం. 2022లో గోర్ కంపెనీ ఫ్లోరిన్ లేని పాలిథిలీన్ పొరను తెచ్చింది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చాలావరకు బట్టల్లో ఈ రసాయనాలను నిషేధించింది. కొత్త పూతలు నూనె జిడ్డును అంతగా తట్టుకోవు, తరచు ఉతకాలి. ఆ కాస్త శ్రమ పడటానికి నాకేమీ అభ్యంతరం లేదు.

పోటీ దుస్తులది వేరే లోకం, అక్కడ శత్రువు గాలి. 1970లలో గాలి చొరని నున్నని సూట్లు వచ్చాయి. వేగం పెరిగింది, కానీ కిందపడిన ఆటగాడు ఆగకుండా మంచుమీద అదే వేగంతో జారిపోయేవాడు. దాంతో చదరపు మీటరు బట్టలోంచి సెకనుకు కనీసం 30 లీటర్ల గాలి దూరాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం పెట్టింది. స్కీ జంపింగ్‌లో సూటే రెక్క. అందుకే అక్కడ సెంటీమీటర్ల లెక్కన కొలుస్తారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ మిశ్రమ పోటీలో సూటు కొలతలు తప్పాయని అయిదుగురు మహిళలను ఒకే రోజు తప్పించారు.

మళ్ళీ ఈకల బొంత దగ్గరికి వస్తాను. ఓబర్‌మేయర్‌కు పాతికేళ్ళ ముందే, 1922లో, జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బెలూన్ల బట్టలో ఈడర్ బాతు నూగు కుక్కి కోటు కుట్టించుకుని ఎవరెస్ట్‌కు వెళ్ళాడు. తోటివాళ్ళు మొదట నవ్వారు, చలి ముదిరాక అసూయపడ్డారు. ఆ కోటుతో టిబెట్ వైపునుంచి 8,300 మీటర్ల ఎత్తు దాటాడు. 92 ఏళ్ళ తరవాత, 2014 మే 25న, అదే టిబెట్ వైపునుంచి శిఖరం చేరిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణకు అప్పుడు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆమె ఒంటిమీద తలనుంచి కాలిదాకా నూగు ఈకల సూటు. ఫించ్ కోటును చూసి ఇప్పుడెవరూ నవ్వరు.

ఇన్యూట్ దర్జీలకు మాత్రం న్యాయం ఆలస్యంగానే మొదలైంది. బిడ్డను వీపున మోసే సంచి ఉన్న వాళ్ళ అమౌటి కోటును బయటి డిజైనర్లు ఎత్తుకుపోకుండా కాపాడాలని ఇన్యూట్ మహిళా సంఘం పౌక్‌టూటిట్ 1999 నుంచి పోరాడుతోంది. 2019లో కెనడా గూస్ కంపెనీ ఇన్యూట్ స్త్రీలు కుట్టిన పార్కాలను వాళ్ళ పేర్లతోనే ప్రదర్శించి అమ్మింది. డిజైన్ హక్కు వాళ్ళదగ్గరే ఉంచింది. ఉత్తరాన ఇప్పటికీ గడ్డకట్టిన సముద్రం మీదికి వేటకు వెళ్ళేవాళ్ళలో చాలామంది కారిబూ తోలునే నమ్ముకుంటారు. వేసవి చివర, బొచ్చు మరీ పలుచగానూ మరీ పొడుగ్గానూ కాకుండా ఉన్న రోజుల్లో జింకను కొడతారు. చలి ముదిరేలోగా కుట్టు పూర్తి కావాలి.